సీలు కొవ్వు దీపం, బడి గంట

మార్చి సెలవులు రాగానే ఒటావాలో మావాళ్ళంతా ఎండ వెతుక్కుంటూ ఫ్లోరిడా వైపో మెక్సికో వైపో పోతారు. మేం మైనస్ 27 లోకి పోయాం. కారణం మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి ఇప్పుడు కెనడా ఉత్తరాన, బఫిన్ దీవిలో, ఇకాలుయిట్ అనే ఊళ్ళో ఆరో తరగతికి లెక్కలూ సైన్సూ చెబుతోంది. మా ఒంటారియో బళ్ళకు సెలవులున్నప్పుడు అక్కడ బళ్ళు నడుస్తూనే ఉంటాయి. "ఊరు చూడ్డానికి కాదు, పిల్లల్ని చూడ్డానికి రావే. వాళ్ళు వాళ్ళ తాతల విద్య ఎలా నేర్చుకుంటున్నారో చూద్దువుగాని" అంది. ఐదో తరగతి చదువుతున్న మావాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను. ఫొటోలు తీయకూడదు, పిల్లల పేర్లు ఎక్కడా రాయకూడదు అన్న షరతు మీద బడివాళ్ళు ఒప్పుకున్నారు. అందుకే ఇందులో పేర్లు కనబడవు.

ఆదివారం, మార్చి 9: కూరగాయల సూట్‌కేసు

ఇకాలుయిట్‌కి రోడ్డు లేదు, రైలు లేదు. ఎండాకాలంలో సముద్రం మీద మంచు కరిగాక సరుకుల ఓడలొస్తాయి. మిగతా కాలమంతా ఏది రావాలన్నా విమానమే. ఒటావా నుంచి మూడు గంటలు. టికెట్ల ధర మాత్రం ఇండియా టికెట్లతో పోటీ పడుతుంది. అక్క దగ్గరికి ఎవరు వెళ్ళినా ఒక సూట్‌కేసు ఆమె కిందే లెక్క: పచ్చిమిరపకాయలు, అల్లం, వంకాయలు, దొండకాయలు, కరివేపాకు, కొత్తిమీర. కరివేపాకును రెండు తువ్వాళ్ళలో చుట్టి తీసుకెళ్ళాను. ఇంట్లో అడుగు పెట్టగానే అక్క ముందు ఆ మూట విప్పి ఆకు నల్లబడలేదని చూసుకుని, ఆ తర్వాతే మమ్మల్ని పలకరించింది.

విమానాశ్రయం బయట టాక్సీ ఎక్కాం. ఊళ్ళో ఎక్కడికెళ్ళినా మనిషికి ఒకటే రేటు. కాకపోతే అది మన టాక్సీ అనుకోకూడదు. దారిలో చెయ్యెత్తిన వాళ్ళందరూ ఎక్కుతారు. ఒకావిడ ఆసుపత్రి దగ్గర దిగింది, ఇంకొకాయన దుకాణం దగ్గర దిగాడు, ఆ వంకతో మేం ఊరు సగం చూసేశాం. వీధులకు పేర్లున్నా అడ్రసుగా ఇంటి నంబరే చెబుతారు. నంబర్లన్నీ డ్రైవర్ నోట్లోనే ఉన్నాయి. నేల ఎప్పుడూ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఇళ్ళన్నీ ఉక్కు స్తంభాల మీద నిలబెట్టారు. ఇంటి వేడి కిందికి దిగి నేల కరిగితే ఇల్లు ఒరిగిపోతుంది మరి. పైపులు లేని పేటలకు నీళ్ళు లారీలో వస్తాయి, మురుగు ఇంకో లారీలో పోతుంది.

సాయంత్రం దుకాణానికి వెళ్ళాం. కొన్ని తిండి సరుకులకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది కాబట్టి పాలు ఫరవాలేదు. ద్రాక్షపళ్ళ ధర చూసి మావాడు పొట్లం తనంతట తనే తిరిగి పెట్టేశాడు. ఇంట్లో పది సార్లు చెప్పినా వినని పిల్లాడు.

సోమవారం, మార్చి 10: దీపం

ఈ ఊళ్ళో నకాసుక్ స్కూల్ అని ఒక బడి ఉంది. 1973లో కట్టారు. తెల్లటి ఫైబర్‌గ్లాస్ గోడలు, ఎక్కడో ఒకటీ అరా చిన్న కిటికీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి ఇక్కడ విమానాల స్థలం చూపించిన పెద్దాయన పేరు అది. ఆయన ఇన్యూట్, అంటే ఈ ఉత్తరాది ఆదివాసి. అక్క పనిచేసేది అందులో కాదు, వేరే బడిలో. అది మామూలు బడిలాగే ఉంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి వెళ్ళాలి, అంతే తేడా. వరసగా వందల బూట్లు, వాటిమీంచి కరిగి కారుతున్న మంచు.

మొదటి పీరియడ్‌కి ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. పిల్లలు ఆమెను 'అనానాట్సియాక్' అన్నారు, అమ్మమ్మ అని. మెత్తటి రాయిని తొలిచి చేసిన అర్ధచంద్రాకారపు దీపాన్ని బల్ల మీద కాదు, నేల మీద పెట్టింది. పేరు కుల్లిక్. సీలు అనే సముద్ర జంతువు కొవ్వును దంచితే నూనె ఊరుతుంది. అదే చమురు. ఎండాకాలంలో కోసి ఎండబెట్టుకున్న టండ్రా దూదినీ, నాచునూ కలిపి నలిపి, దీపం తిన్నటి అంచు వెంట సన్నటి గీతలా పరిచింది. ఒక చివర వెలిగించి, చిన్న పుల్లతో నెమ్మదిగా నొక్కుతూ, లాగుతూ మంటను ఆ చివరి దాకా నడిపించింది. ఎక్కువ నొక్కితే ఆరిపోతుంది, వదిలేస్తే పొగ. ఒకప్పుడు మంచు ఇంట్లో వెలుగూ వేడీ ఇదే. దీని మీదే మంచు కరిగించి తాగేవాళ్ళు, మాంసం ఉడికించేవాళ్ళు, తడిసిన చేతి తొడుగులు ఆరబెట్టేవాళ్ళు. దీపాన్ని చూసుకోవడం ఆడవాళ్ళ పని.

ఇదంతా తర్వాత అక్క చెప్పగా తెలిసింది. ఆవిడ మాత్రం ఏమీ చెప్పలేదు. పావుగంట సేపు నోరు విప్పలేదు. పిల్లలు చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నారు. మావాడికి ఆగడం చేతకాదు. "అది ఎందుకలా?" "ఎంతసేపు మండుతుంది?" "వాసన రాదా?" అంటూ ఇంగ్లీషులో వరసపెట్టాడు. ఆవిడ వాడివైపు చూసి నవ్వి, ఆ పుల్ల వాడి చేతిలో పెట్టేసింది. వాడు నొక్కాడు, సగం మంట ఆరిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ మళ్ళీ వెలిగించి మళ్ళీ వాడికే ఇచ్చింది. ఈసారి వాడు నోరు మూసుకుని చేశాడు.

చూసి, చేసి, మళ్ళీ మళ్ళీ చేసి నేర్చుకోవడం అనేది ఈ ఊరున్న నునావుట్ ప్రాంతపు విద్యాశాఖ రాసుకున్న ఎనిమిది ఇన్యూట్ సూత్రాల్లో ఒకటి. పిలిమ్మక్సార్నిక్ అంటారు. ప్రతి బడి గోడ మీదా ఆ ఎనిమిదీ పోస్టరుగా ఉంటాయి. ఆ పోస్టరు కిందే గంట మోగింది. మంట ఇంకా దీపం చివరికి చేరనేలేదు. తర్వాతి పీరియడ్ వ్యాయామం. పిల్లలు లేచి, ఒకసారి వెనక్కి చూసి, పరిగెత్తారు. ఆవిడ తొందరపడలేదు. ఖాళీ గదిలో మంటను చివరిదాకా నడిపించి, కాసేపు కూర్చుని, అప్పుడు ఆర్పింది. వారమంతా నన్ను వదలని గొడవ ఇదే. దీపానికి దాని టైము ఉంది, బడికి దాని టైము ఉంది.

టీ తాగుతూ ఆవిడ కొంత మాట్లాడింది. పక్కనున్న ఇన్యూట్ టీచరు ఇంగ్లీషు చేసింది. ఆవిడ పుట్టింది ఊళ్ళో కాదు, సముద్రం ఒడ్డున వేటగాళ్ళ గుడారాల్లో. పదమూడో ఏట విమానం ఎక్కించి దక్షిణాన ఒక హాస్టల్ బడికి పంపారు. అక్కడ అంతా ఇంగ్లీషే. తిరిగొచ్చేసరికి దీపం పట్టుకోవడం తెలియదు, చర్మం కుట్టడం తెలియదు. తల్లి దగ్గర మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి విడదీసిన అలాంటి బళ్ళ గురించి కెనడా ప్రధాని 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, 2015లో వాటి మీద విచారించిన సత్య సయోధ్య కమిషన్ నివేదిక వచ్చింది. ఇప్పుడు బడే గంటకింత అని డబ్బిచ్చి ఆవిణ్ణి పిలుస్తోంది. "కోపం రాదా?" అని అడగబోయి ఆగిపోయాను. నాకూ పుల్ల ఇస్తుందేమోనని.

ఇంకో సంగతి. ఇక్కడ పిల్లలు అవునంటే కనుబొమలు పైకెత్తుతారు, కాదంటే ముక్కు చిట్లిస్తారు. నోటితో జవాబు రాదు. ఉత్తరానికి కొత్తగా వచ్చిన టీచర్లు మొదటి నెల్లో "ఈ పిల్లలు సమాధానమే చెప్పరు" అని తలపట్టుకుంటారట. మావాడికి ఒక్క పూటలో పట్టుబడింది. రాత్రి "అన్నం తింటావా?" అంటే కనుబొమలు ఎగరేశాడు.

మంగళవారం, మార్చి 11: అట్టముక్క మీద సీలు

ఉదయం ఎవరో వేటగాడు సీలును తెచ్చి బడి వెనక గుమ్మం దగ్గర దింపాడు. వంటగదిలో నేలమీద పెద్ద అట్టపెట్టెలు విప్పి పరిచారు, దాన్ని వాటి మీద పడుకోబెట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు, చేతుల్లో ఊలు. ఊలు అంటే విసనకర్ర ఆకారంలో ఉండే కత్తి, పిడి మధ్యలో ఉంటుంది. పదకొండేళ్ళ పిల్లల చేతికి కూడా ఒక్కోటి ఇచ్చారు. నాకు గుండె ఆగినంత పనైంది. మా ఒటావా బళ్ళో పెన్సిలు చెక్కే బ్లేడు దొరికినా ఇంటికి ఫోన్ వస్తుంది. ఇక్కడ ఎవరూ "జాగ్రత్త" అని కూడా అనలేదు. ఎవరికీ తెగలేదు కూడా.

చర్మం, దాని కింద నాలుగు వేళ్ళ మందాన కొవ్వు, ఆ కింద నల్లటి ఎర్ర మాంసం. ఏ ముక్క ఎవరికి అన్నది పిల్లలకు తెలుసు. కొంత పక్కన పెట్టి, సంచుల్లో వేసి, వేటకు వెళ్ళలేని ముసలివాళ్ళ ఇళ్ళకు పంపించారు. మిగతాది అక్కడే చుట్టూ కూర్చుని తినడం. పచ్చి కాలేయం ముక్క మీద రవ్వంత కొవ్వు పెట్టి ఒక పాప నా ముందు చెయ్యి చాపింది. తిన్నాను. ఇనుము రుచి, వెచ్చదనం, చివర్లో తీపి. రెండోది నేనే అడిగి తీసుకున్నాను. మాంసం మాత్రం నాకు ఎక్కలేదు, చేప వాసన ఉన్న మేకమాంసం అనుకోండి. మావాడు ముక్కు చిట్లించాడు. ఎవరూ బలవంతపెట్టలేదు.

మధ్యాహ్నం కుట్టు క్లాసు. సీలు చర్మంతో చేతి తొడుగులు, కమీక్ అనే బూట్లు. నీళ్ళు దిగకుండా ఉండాలంటే సూది చర్మం మందంలో సగం వరకే వెళ్ళాలి, అవతలికి రాకూడదు. ఒక అబ్బాయి తొడుగు బొటనవేలు దగ్గర కుట్టు అవతలికి వచ్చింది. పెద్దావిడ మాట్లాడకుండా దారం లాగేసింది. వాడు మూలిగి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈ చర్మాల మీద బతికిన ఊళ్ళు చాలానే ఉండేవి. 1980ల్లో యూరప్‌లో సీలు వేట మీద ఉద్యమాలు జోరందుకున్నాయి. వాళ్ళ కోపం నిజానికి దక్షిణాన జరిగే పెద్ద వ్యాపారపు వేట మీద. కానీ ధర పడిపోయింది అందరికీ. 2009లో యూరోపియన్ యూనియన్ సీలు సరుకును నిషేధించింది. ఇన్యూట్ వేటకు మినహాయింపు ఇచ్చింది గానీ, కొనేవాడే లేనప్పుడు మినహాయింపును ఏం చేసుకుంటారు? గోడ మీద పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. ఒకదాంట్లో అమ్మాయి సీలు కోటు వేసుకుని దర్జాగా నిలబడింది. కింద "మేము తింటాం, తొడుక్కుంటాం, పారేయం" అన్న అర్థం వచ్చే వాక్యం ఇంగ్లీషులో.

బుధవారం, మార్చి 12: నంబర్లూ ఇంటిపేర్లూ

ఇవాళ క్లాసంతా నడిచి శాసనసభకు. పొద్దున్నే గాలి మొదలైంది, ముఖం మీద సూదులు. సభ లోపల కూర్చునే బల్లలకు సీలు చర్మం తొడిగారు, అధికార దండం నార్వాల్ తిమింగలం దంతంతో చేసింది. పార్టీలు లేవు. 22 మంది సభ్యులు ఎవరికి వారుగా గెలిచి వచ్చి, తమలోంచి ప్రీమియర్‌నీ మంత్రుల్నీ ఎన్నుకుంటారు. నునావుట్ 1999 ఏప్రిల్ 1న ఏర్పడింది. కెనడా నేలలో అయిదో వంతు, జనం మాత్రం 2021 లెక్కల్లో 36,858. కాకినాడలో నాలుగు పేటలు కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటారు. "మరి బస్సులో అన్ని ఊళ్ళూ తిరగొచ్చుగా?" అన్నాడు మావాడు. ఉన్న 25 ఊళ్ళలో ఏ ఒక్కదాన్నుంచీ ఇంకోదానికి రోడ్డు లేదని పక్క పిల్లాడు చెప్పాడు.

మ్యూజియంలో ఫ్రోబిషర్ కథ విని పిల్లలు విరగబడి నవ్వారు. మార్టిన్ ఫ్రోబిషర్ అనే ఇంగ్లీషు నావికుడు 1576లో ఆసియాకు దారి వెతుకుతూ ఈ అఖాతంలోకి వచ్చాడు. బంగారం అనుకుని ఓడలనిండా రాళ్ళు మోసుకెళ్ళాడు. ఒక్క రాయీ పనికిరాలేదు. ఊరికి ఆయన పేరే 1987 దాకా ఉంది. ఆ తర్వాతే ఇకాలుయిట్ అయింది.

కానీ రోజంతా నా బుర్రలో నిలిచింది మధ్యాహ్నం క్లాసు. 'మా ఇంటి నంబరు' అన్నది పాఠం. ఇన్యూట్‌లకు ఒకప్పుడు ఇంటిపేర్లు లేవు. అధికారులకు రికార్డులు రాసుకోవడం కష్టమని 1940ల నుంచి ఒక్కో మనిషికీ ఒక నంబరున్న చిన్న బిళ్ళ ఇచ్చారు. తూర్పువాళ్ళకు 'ఈ' అక్షరం, పడమటి వాళ్ళకు 'డబ్ల్యూ'. ఉత్తరాలు, పింఛను, బడి, అన్నిటికీ ఆ నంబరే. 1970 ప్రాంతంలో అబ్రహాం ఓక్‌పిక్ అనే ఇన్యూట్ నాయకుడు ఊరూరా తిరిగి, ఇంటింటా అడిగి ఇంటిపేర్లు నమోదు చేశాడు. పిల్లలు ఇంట్లో అడిగి తాతల నంబర్లు రాసుకొచ్చారు. ఒకమ్మాయి వాళ్ళ తాత బిళ్ళనే తెచ్చింది. గోధుమరంగు, గుండ్రంగా, తాడు కట్టుకోవడానికి చిల్లు. చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. ఏమీ బరువు లేదు.

అయితే పేర్ల మీద వాళ్ళ అసలు పద్ధతి వేరే. పోయిన మనిషి పేరు పుట్టిన బిడ్డకు పెడతారు, ఆడా మగా తేడా లేకుండా. పేరుతో పాటు ఆ మనిషి చుట్టరికం కూడా వస్తుంది. అమ్మమ్మ పేరున్న పిల్లాణ్ణి వాళ్ళమ్మ "అమ్మా" అనే పిలుస్తుంది, గట్టిగా తిట్టదు. ఈ ముక్క వినగానే అక్కా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. మా పెద్దమ్మ తన మామగారి పేరు పెట్టిన కొడుకుని జన్మలో పేరుతో పిలవలేదు. "అబ్బాయ్" అంటూనే పెంచింది. నేను ఆ సంగతి చెబితే క్లాసులో ఇరవై మంది కనుబొమలు ఒకేసారి పైకి లేచాయి.

తర్వాత అక్షరాలు. ఇక్కడ బఫిన్ వైపు ఇనుక్టిటుట్ భాషను ప్రత్యేక లిపిలో రాస్తారు. మిషనరీలు క్రీ భాషకు కట్టిన లిపిని ఇక్కడికి తెచ్చారు. త్రిభుజాలు, కొక్కేలు. తలకట్టు, గుడి, కొమ్ము అని మనం గుర్తులు తగిలిస్తాం కదా, వీళ్ళు అచ్చు మార్చడానికి ఏమీ తగిలించరు, అదే అక్షరాన్ని తిప్పేస్తారు. ఒక వైపు తిరిగితే 'పి', ఇంకో వైపు తిరిగితే 'పు', మరో వైపుకి 'ప'. మావాడు తన పేరు అరగంటలో రాసేశాడు. తెలుగులో రాయడానికి మూడేళ్ళ నుంచీ బతిమాలుతున్నాను.

ఇంత చక్కటి లిపి ఉన్నా, చాలా బళ్ళలో మూడో తరగతి దాటగానే పాఠాలు చాలావరకు ఇంగ్లీషులోకి మారిపోతాయి. పన్నెండో తరగతి దాకా రెండు భాషల్లో చెప్పాలని 2008లో చట్టం చేసుకున్నారు. గడువు 2019గా పెట్టుకున్నారు. టీచర్లు దొరకలేదు. 2020లో చట్టం సవరించి గడువును 2039కి జరిపారు. "అప్పటికి ఈ పిల్లల పిల్లలు బళ్ళో ఉంటారు" అంది అక్క. తను కూడా ఆ సమస్యలో భాగమేనని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళకీ ఆమెకొచ్చిన ఇనుక్టిటుట్ క్లాసు నడపడానికి సరిపోతుంది, పాఠం చెప్పడానికి చాలదు.

గురువారం, మార్చి 13: తుపాను సెలవు

పొద్దున ఆరింటికి రేడియోలో చెప్పారు, బళ్ళు మూత. కిటికీ బయట పక్కిల్లు కనబడటం లేదు. ఇల్లు స్తంభాల మీద సన్నగా వణికింది.

అక్క ఫ్రీజర్‌లోంచి ఆర్కిటిక్ చార్ తీసింది. ఎండాకాలం సముద్రంలో తిని, శీతాకాలానికి నదిలోకి ఎదురెక్కి వచ్చే చేప. మా గోదావరి వాళ్ళకు ఇంకేం కావాలి? చింతపండు నానబోసి, బెండకాయలు లేవు కాబట్టి వంకాయలు వేసి, పులస పెట్టినట్టే పులుసు పెట్టింది. పులస కాదు గానీ, ముళ్ళు తక్కువ, కొవ్వు బాగా ఉంది, పులుసులో గట్టిగా నిలబడింది. తుపాను కాస్త తగ్గగానే పక్కింటి పిల్లలు ముగ్గురు వచ్చారు. తలుపు కొట్టరు ఇక్కడ. తీసుకుని లోపలికి వచ్చి కూర్చుంటారు, మాట్లాడాలని లేకపోతే మాట్లాడరు. పులుసు తిన్నారు. ఆవకాయ ఒకడు నాకి చూసి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళీ నాకాడు. వాళ్ళు తెచ్చిన చేప గడ్డకట్టి రాయిలా ఉంది. దాన్ని పల్చగా చెక్కి, సోయా సాసులో ముంచి పచ్చిగానే తిన్నాం. నాకు పులుసు కంటే అదే నచ్చింది. అక్క ముందు అనలేదు.

మిగతా సాయంత్రం దారంతో బొమ్మలు. రెండు చేతుల మధ్య దారపు ఉచ్చు వేసి తిప్పితే కుందేలు, ఎలుగుబంటి, పడవ. ఇగ్లూలిక్ అనే ఊరి వైపు పాతవాళ్ళు చలికాలపు చీకటి పోయి సూర్యుడు తిరిగొచ్చాక ఈ ఆట ఆడనిచ్చేవారు కాదట, సూర్యుడి కాళ్ళు దారానికి కోసుకుపోతాయని. "మరి ఇప్పుడు సూర్యుడున్నాడుగా?" అన్నాడు మావాడు. పెద్దపిల్ల కిటికీ వైపు చూపించింది. ఇవాళ లేడుగా.

శుక్రవారం, మార్చి 14: మంచు మీద బడి

ఆకాశం నీలంగా ఉంది. స్నోమొబైళ్ళ వెనక కముటీక్ అనే పొడవాటి బండ్లు కట్టారు. ఆ బండికి మేకులుండవు, అడ్డచెక్కలన్నీ తాడుతో కట్టినవే. మంచు దిబ్బల మీద వంగుతూ, కదులుతూ పోవాలి కదా, మేకులు కొడితే విరిగిపోతుంది. ఒడ్డు దగ్గర పోటుకూ పాటుకూ ఎత్తు తేడా పది మీటర్లు దాటుతుంది. అందుకని తీరం పొడుగునా విరిగిన మంచు పెళ్ళలు ఇంటి ఎత్తున పడి ఉన్నాయి. వాటి మధ్యలోంచి సందు వెతుక్కుంటూ సముద్రం మీదికి దిగాం. మొదటిసారి తప్పు సందులో దూరి, మొదటి బండి ఇరుక్కుంటే పిల్లలే దిగి తోశారు. రెండు గంటల ప్రయాణం. నా కళ్ళకు చెక్కతో చేసిన సన్నగీత అద్దాలు ఇచ్చారు, పిల్లలు క్లాసులో చెక్కినవే. మంచు తెలుపుకి కళ్ళు పోకుండా తాతలు వాడినవి. వేలెడంత గీతలోంచి ప్రపంచమంతా కనబడింది.

ఒక సరస్సు దగ్గర ఆగాం. వేట నేర్పే పెద్దాయన సన్నటి కర్ర తీసుకుని మంచులో అక్కడక్కడా గుచ్చుతూ చాలాసేపు తిరిగాడు. ఒకే గాలికి పేరుకుని గట్టిపడ్డ మంచు కావాలి. పొరలుంటే ఇటుక విరుగుతుంది. దొరికాక వలయం గీసి, ఆ వలయం లోపలి మంచునే కోసి గోడకు పెట్టడం మొదలుపెట్టాడు. అందుకే ఇల్లు పైకి లేచే కొద్దీ నేల కిందికి దిగుతుంది. మొదటి వరసను వాలుగా కోసి, దాని మీంచి పాము చుట్టినట్టు పైకి. ప్రతి ఇటుకా లోపలికి కొంచెం వాలి, పక్కదాని మీద ఆనుకుంటుంది. మా ఒటావా బళ్ళో మావాడు చక్కెర ముక్కలతో ఇగ్లూ చేసి మార్కులు తెచ్చుకున్నాడు. వరస మీద వరస, బల్లపరుపుగా. ఇక్కడ ఆ పద్ధతిలో పెడితే కప్పు ఎన్నటికీ మూసుకోదు. వాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చూసి తెలుసుకున్నాడు. మొహం కాస్త మాడింది.

అక్క క్లాసులో ఒకమ్మాయి ఉంది. లెక్కల్లో మొదటిది, అన్నిట్లో మొదటిదే. ఆ పిల్ల ఇదివరకు ఊరు దాటి ఒక్కసారి కూడా రాలేదు. నాకు నమ్మకం కలగలేదు. అక్క చెప్పింది: మంచు మీదికి రావాలంటే స్నోమొబైల్ కావాలి, వేల డాలర్లు. పెట్రోలు, తుపాకీ, తూటాలు. ఉద్యోగమున్నవాడికి డబ్బుంటుంది, తీరిక ఉండదు. తీరికున్నవాడికి పెట్రోలుకి డబ్బుండదు. ఆ పిల్ల అమ్మ ఒక్కతే సంపాదిస్తుంది. బడి గనక తీసుకురాకపోతే ఈ పిల్ల తన ఊరి వెనకాల ఏముందో చూడకుండానే కాలేజీకి ఒటావా వచ్చేసేది. సోమవారం గంట మోగినప్పుడు బడిని మనసులో చాలా తిట్టుకున్నాను. ఇవాళ కొంత వెనక్కి తీసుకున్నాను. కొంతే. ఏడాదిలో ఇలాంటి రోజులు ఎన్నుంటాయన్నది బడ్జెట్ మీద ఆధారపడి ఉంటుందట.

ఆ పిల్ల కోసిన మొదటి ఇటుక చేతిలోనే పొడి అయింది. రెండోదీ అంతే. మొదటి ర్యాంకు పిల్ల కదా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన ఆవైపు చూడనైనా లేదు. తన ఇటుక తను కోస్తున్నాడు, కానీ ఆ పిల్లకు కనబడేలా కాస్త పక్కకు జరిగి, కాస్త నెమ్మదిగా. కత్తిని ఏ కోణంలో దించుతున్నాడో ఆ పిల్ల చూసింది. ఇంకోటి కోసింది. అది గోడలో నిలబడింది. ఆయన దాని మీద అరచేత్తో ఒకసారి తట్టి, తర్వాతి ఇటుక పెట్టుకున్నాడు. మెచ్చుకోలు అంతే. నేనైతే ఈపాటికి చప్పట్లు కొట్టి వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టేసేదాన్ని.

మధ్యాహ్నం మనిషి లోతు మంచులో మరతో కన్నాలు వేసి గాలాలు దించారు. మొదట పడింది మావాడికే, మూరెడు చేప. వాడు ఎగిరి గంతేసి దాన్ని సంచిలో పెట్టుకోబోతే చుట్టూ పిల్లలు ముక్కులు చిట్లించారు. జీవితంలో మొదటి చేప పెద్దవాళ్ళకు ఇచ్చేయాలి. వాడు బిక్కమొహంతో పట్టుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టాడు. ఆయన వాడితో చేయి కలిపి, అక్కడికక్కడే కోసి అందరికీ పంచాడు. వాడికి తోకవైపు ముక్క వచ్చింది.

ఇగ్లూలో పదిహేను మందిమి పట్టాం. పడుకునే చోటు ఎత్తుగా, గుమ్మం పల్లంగా ఉంటుంది. చలిగాలి కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. కప్పులో గాలికి ఒక కన్నం. ఇద్దరమ్మాయిలు ఎదురెదురుగా నిలబడి మోచేతులు పట్టుకుని గొంతుపాట మొదలుపెట్టారు. పాట అనాలో ఆట అనాలో. ఒకరు వదిలిన ఊపిరిని ఇంకొకరు అందుకుంటూ గుర్రుమనే, గాలివేసే చప్పుళ్ళు. ఎవరు ముందు నవ్వితే వాళ్ళు ఓడినట్టు. మిషనరీలు కొన్నాళ్ళు దీన్ని మాన్పించారు. వీళ్ళిద్దరూ అమ్మమ్మల దగ్గర కొంతా, ఫోన్లో వీడియోలు చూసి కొంతా నేర్చుకున్నారు. నాలుగుసార్లు ఆడితే నాలుగుసార్లూ మొదట నవ్వింది లెక్కల పిల్లే.

తిరిగి ఎప్పుడు బయల్దేరాలన్నది గడియారం చూసి కాదు, గాలి తిరిగినప్పుడు చెప్పాడాయన. బడి బస్సుల వేళ దాటిపోయింది. తల్లిదండ్రులు ఎవరికీ టెన్షన్ పడినట్టు లేదు. మేం ఒడ్డెక్కేసరికి ఒకళ్ళిద్దరు బండి ఆపుకుని సిగరెట్ తాగుతూ ఉన్నారు.

శనివారం, మార్చి 15: కనుబొమలు

విమానం సాయంత్రం. పొద్దున ఊరి చివర అపెక్స్ దాకా నడిచి, ఒడ్డున ఒకప్పుడు బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ వాళ్ళ పాత తెల్ల గిడ్డంగులు చూసి, చలికి ఓడి తిరిగొచ్చాం. ఇగ్లూ ఆకారంలో ఉన్న సెయింట్ జూడ్స్ చర్చి దారిలో తగిలింది. పాతది 2005లో కాలిపోతే మళ్ళీ కట్టి 2012లో తెరిచారట.

మధ్యాహ్నం అక్క భోజనానికి హోటల్‌కి తీసుకెళ్ళింది. కారిబూ (రెయిన్‌డీర్) మాంసం బర్గరు, ఫ్రెంచ్ ఫ్రైలు, టీ, ముగ్గురికీ కలిపి వందకు దగ్గర. ఇక్కడ ఒక అలవాటుంది. రాతి బొమ్మలు చెక్కేవాళ్ళు వాటిని సంచిలో వేసుకుని హోటళ్ళలో బల్ల బల్లకీ వస్తారు. చూపిస్తారు, ధర చెబుతారు. వద్దంటే వెంటనే పక్క బల్లకు వెళ్ళిపోతారు, ఒక్క మాట అదనంగా అనరు. బేరం ఆడటం మర్యాద కాదని అక్క ముందే హెచ్చరించింది. మా బల్ల దగ్గరికి వచ్చినాయన పచ్చరాతి సీలు బొమ్మ పెట్టాడు. అరచేతిలో పట్టేంత, మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. ఎనభై డాలర్లు. నేను పర్సులో ఎంతుందో, ఎలా కాదనాలో ఆలోచిస్తున్నాను. ఆయన నన్ను అడగలేదు. మావాడి వైపు తిరిగి "నచ్చిందా?" అన్నాడు.

వాడు కనుబొమలు రెండూ పైకెత్తాడు.

"అయిపోయింది" అంది అక్క తెలుగులో, ఫ్రెంచ్ ఫ్రై నములుతూ. నా దగ్గర అరవై ఉన్నాయి. మిగతా ఇరవై ఆవిడే ఇచ్చింది.